నలభై ఒకటో సీసా

1955 ఫిబ్రవరి 3, గురువారం

చూడవచ్చినవాళ్ళు పదకొండు మంది. చదవవచ్చినవాళ్ళు లేరు. పురుగు పట్టిన ఎండుమొక్కల కాగితాలు మూడు. ఎండలో పెట్టి, మైలతుత్తం కలిపిన గంజితో మొక్కల్ని మళ్ళీ అంటించాను. నాగుపాము సీసాలో స్పిరిటు రెండు వేళ్ళు తగ్గింది.

కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి ఈ మ్యూజియానికి వచ్చేవాళ్ళు పెరిగారు. వచ్చేది నీడ కోసం. గుడారాల ఆఫీసుల్లో కూర్చునే గుమస్తాలు మధ్యాహ్నం కాగానే ఈ ఇల్లు చల్లగా ఉంటుందని వస్తారు. పాము సీసా చుట్టూ చేరి చిటికెలు వేస్తారు. పోతూ పోతూ మెట్ల పక్కన ఉమ్మి పోతారు. ఇవాళ ఒకడు రెండు తలల మేకపిల్ల సీసా మూత తీసి వాసన చూసి, అక్కడే వాంతి చేసుకున్నాడు. కడిగింది నేను. ఫినాయిలు పోసినా వాసన పోలేదు. మూడు వేల ఎండుమొక్కల కాగితాలు, రెండు వందల పది సీసాలు, తొమ్మిది బీరువాల పుస్తకాలు. కేశవయ్య డాక్టరు గారు ముప్పై ఏళ్ళు కూడబెట్టింది వీళ్ళ ఉమ్మికి.

పోలిక చీటీలు రెండు ఇచ్చాను. డాక్టరు గారు పెట్టిన పద్ధతే. ఎవరైనా వేరో చెక్కో తెస్తే, మన సీసాలోనిది ఒకటి తీసి నల్లరాతి మీద పక్కపక్కన పెట్టి, రెండూ విరిచి చూసి, ఫలానా సీసాలోనిదానితో సరిపోయిందనో సరిపోలేదనో రాసి సంతకం పెట్టడం. అంతకు మించి ఒక్క మాట రాయకూడదు. "నీ అభిప్రాయం ఎవడిక్కావాల్రా ఏసేపూ, సీసా ఏం చెప్తే అది రాయి" అనేవారు. ఆయన పోయి ఆరేళ్ళయింది. మద్రాసు మందుల కంపెనీ వాళ్ళు ఇప్పటికీ ఆ చీటీ చూసే సరుకు దించుకుంటారు.

ఫిబ్రవరి 9, బుధవారం

చూడవచ్చినవాళ్ళు ఎనిమిది మంది. పురుగు లేదు.

మ్యూజియం కమిటీ అధ్యక్షులు లక్ష్మీనరసయ్య గారు వచ్చారు. పెద్ద బజారులో మూలికల మండీ ఆయనది. చదువుకునే గదిలో కూర్చొని, కాళ్ళు డాక్టరు గారి కుర్చీ మీదికి చాపుకున్నారు.

"ఏమప్పా ఏసేపూ, సర్పగంధికి శానా గిరాకీ వచ్చిండాది, తెలుసునా? రక్తపోటు మందుకంట. మద్రాసోళ్ళు నెలకు పన్నెండు మూటలు అడుగుతాండారు."

నల్లమలలో అంత లేదన్నాను. అడవిలో ఉండే ఓబన్న నెలంతా తవ్వితే తెచ్చేది ఒక మూట.

"ఓబన్న ఒకడే తవ్వల్లని యాడన్నా రాసిపెట్టినారా? భూదేవి ఆయప్పకే ఇస్తాదా?"

నేను బల్ల మీది కాగితాలు సర్దాను.

"ఈ ఇంటికి ఆఫీసోళ్ళు కాచుకోని ఉండారు. నిన్న గూడా అడిగిరి. నేనే అడ్డం పడితిని. ఈ పాముల్ని యాడ పెట్టల్ల, నువ్వు యాడ పండుకోల్ల, అన్నీ నేనే సూసుకోల్ల గదా."

కడపలో ఒక వైద్యుడు చనిపోయాడట. ఆయన పుస్తకాలు మనకిస్తామన్నారట. పోయి తెమ్మన్నారు. వచ్చేవరకు తాళాలు ఆయన దగ్గర పెట్టమన్నారు. డాక్టరు గారు పోయిన తర్వాత ఆ తాళాలు నా మొల నుంచి దిగలేదు.

ఇచ్చాను.

నేను ముంచిన నీళ్ళు ఆయన తాగరు. మండీ నుంచి మనిషి చేత చెంబు తెప్పించుకున్నారు. నేను రాసిన చీటీ మాత్రం జేబులో పెట్టుకుంటారు.

ఫిబ్రవరి 15, మంగళవారం. కడప

అరవై పుస్తకాలన్నారు. ఉన్నవి నాలుగు. మిగతావి చెదల మట్టి. పెట్టె మూత తీయగానే అవి గుంపులు గుంపులుగా నా చేతుల మీదికి పాకాయి. తెల్లగా, మెత్తగా. దులుపుకున్నా ఇంకా పాకుతున్నట్టే ఉంది.

వైద్యుడి భార్య అలివేలమ్మ గారు గడపలో నిలబడి చూసింది. "ఆయన ఉన్నన్నాళ్ళు నన్ను ముట్టుకోనియ్యల్యా నాయనా. ఇప్పుడు అవి ముట్టుకున్నాయి" అంది.

ఇస్తామని కబురు పెట్టినందుకు కమిటీ తరఫున నమస్కారాలు చెప్పాను.

"నేనెవురికి కబురు పెట్టినా? మీ కమిటీ శెట్టి గారే పోయిన వారం మనిషిని పంపిరి, పాత పుస్తకాలేమన్నా ఉండాయా అని."

ఎవరో పొరపాటు పడి ఉంటారు.

ఫిబ్రవరి 18, శుక్రవారం

కర్నూలు చేరాను. తాళాలు తిరిగి ఇచ్చారు. 41వ సీసా మూత మీద లక్క కొత్తగా ఉంది. నేనే వేసి ఉంటాను.

ఫిబ్రవరి 19, శనివారం

చూడవచ్చినవాళ్ళు ఆరుగురు. పురుగు లేదు. 41 ఉండే అరలో దుమ్ము మధ్య సీసా అడుగంత గుండ్రటి జాగా శుభ్రంగా ఉంది. సీసా ఆ జాగాలో లేదు, రెండు వేళ్ళు పక్కకుంది. అర మొత్తం తుడిచాను.

ఫిబ్రవరి 24, గురువారం

మండీ గుమస్తా సర్పగంధి మూటలు నాలుగు తెచ్చాడు. సర్పగంధి అంటే 41వ సీసా.

మూటలోది ఒకటి విరిచాను. విరగలేదు, నారతో వేలాడింది. సీసాలోది ఒకటి విరిచాను. అదీ నారతో వేలాడింది. సరిపోయింది అని రాశాను.

సీసా చెప్పిందే రాశాను. నేను రాసినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

వేళ్ళకు బురద వాసన ఉంది, కాలువ బురద. దారిలో తడిసి ఉంటాయి. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. అన్నం తినేటప్పుడు మళ్ళీ అదే వాసన.

మార్చి 5, శనివారం

చూడవచ్చినవాళ్ళను రానివ్వలేదు. కమిటీ సమావేశం.

మొక్కల కాగితాలు పరిచే బల్ల మీదే బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పెట్టుకొని తిన్నారు. మొక్కల్ని ఆరబెట్టే అద్దుడు కాగితాలతో చేతులు తుడుచుకున్నారు. ఒక మారేడు కొమ్మ కాగితం మీద నూనె మరక పడింది. అది ఇక పోదు. లేబులు మీద అక్షరాలు కూడా నూనెలో తేలాయి. కొత్త లేబులు రాసి పక్కన అంటించాను. పాతది తీయలేదు. పాత లేబులు పాడైనా, తప్పని తెలిసినా చెరపకూడదు, దిద్దకూడదు. పక్కన కొత్తది అంటించి, తేదీ వేసి సంతకం పెట్టాలి. ఇదీ డాక్టరు గారు నేర్పిందే. నేను పదిహేడో ఏట ఈ ఇంటికి గోడ కట్టడానికి వచ్చి, గంజి కాచడానికి నిలిచిపోయినవాణ్ణి. అక్షరాలు నేర్చుకున్నది లేబుళ్ళ మీదే.

మండీకి ఇప్పటికి పన్నెండు చీటీలు రాసిచ్చాను. అన్నీ 41తో సరిపోయాయి.

"మా ఏసేపు చీటీ అంటే మద్రాసులో సీలు మాదిరి" అన్నారు లక్ష్మీనరసయ్య గారు.

"సీలుకు నోరుండదు గదన్నా, దాని అందమే అది" అన్నాడు ఇంకొకాయన. అందరూ నవ్వారు. ఆయన పళ్ళ సందుల్లో బొరుగులు కనపడ్డాయి.

చెక్క ఒలిచేవాళ్ళు, వేళ్ళు తవ్వేవాళ్ళు ఇకమీదట లోపలికి రాకూడదని, అరుగు మీదే నిలబడాలని తీర్మానం చేశారు. సీసాలు పగులుతాయట. ఇన్నేళ్ళలో వాళ్ళు పగలగొట్టిన సీసా ఒక్కటి లేదు. తీర్మానం నా చేతే రాయించారు.

మార్చి 12, శనివారం

చూడవచ్చినవాళ్ళు నలుగురు.

ఓబన్న వచ్చాడు. మెట్ల కింద నిలబడ్డాడు.

"ఏమన్నా ఏసేపన్నా, లోపలికి రాగూడదంటనే? నన్ను సూస్తే పాములకు బయమా?"

కొత్త నియమం అన్నాను.

"రాన్లే. ఇంద. బాగ ఎండబెట్టినా. గిడ్డమ్మ గూడా నా తోడు తవ్వింది, ఈ తూరి రెండు మూటలు."

ఇరవై రెండేళ్ళ కిందట డాక్టరు గారు, నేను నల్లమల ఎక్కినప్పుడు దారి చూపింది ఓబన్నే. 41లో మొట్టమొదట పడిన వేరు అతను తవ్విందే. ఇప్పటికీ డాక్టరు గారిని డాక్టరప్ప అంటాడు, ఆయన లోపల నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి.

వేరు ఒకటి తెచ్చి నల్లరాతి మీద పెట్టాను. పుటుక్కున విరిగింది. తెల్లటి పిండి రాతి మీద రాలింది. సీసాలోది వేలాడింది.

బయట అతను ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

చీటీ రాసి, మడిచి ఇచ్చాను.

"సదివి సెప్పన్నా."

"మండీలో చదువుతారు, పో."

"నువ్వు రాసినంక ఇంగ సదివేదేముండాది" అని తలగుడ్డలో దోపుకొని మూటలెత్తుకున్నాడు.

నియమం నియమమే. పిండి ఇంకా రాతి మీదే ఉంది.

మార్చి 13, ఆదివారం

తుడిచాను.

మార్చి 22, మంగళవారం

చూడవచ్చినవాళ్ళను లెక్కపెట్టలేదు.

గిడ్డమ్మ వచ్చింది. ఓబన్న భార్య. అడవి నుంచి నడిచే వచ్చింది, కాళ్ళు మోకాళ్ళ దాకా దుమ్ము.

"ఏసేపన్నా, ఆ కాయితంలో ఏం రాసినావు?"

నేను సీసాలు తుడిచే గుడ్డ పట్టుకొని ఉన్నాను.

"ఆ కాయితం సూసి మండీలో నవ్విరంట. దొంగ వేరు తెచ్చి అమ్ముతాండాడని మూటలు గుంజుకోని, ఫారెస్టోళ్ళను పిలిపించిరి. అడవి పాసు లాక్కున్నారు. పది దినాలాయ, ఠాణాలో ఉండాడు. వచ్చే నెల నాలుగో తేదీ ఇచారణంట. దొంగ అని తేలితే మమ్మల్ని ఇంగ అడవిలోకి ఎక్కనియ్యరంట. యాడికి పోల్ల మేము? ఏం రాసినావన్నా?"

"సరిపోలేదని రాశాను."

"దేంతో?"

"సీసాతో."

"ఆ సీసా సూపీ."

లోపలికి పిలిచాను. మూత తీసి ఇచ్చాను. ఒక వేరు తీసి వంచింది. వేలాడింది. పళ్ళ మధ్య పెట్టి కొరికింది. ఉమ్మడానికి అటూ ఇటూ చూసి, గది దాటి, అరుగు దాటి, దూరంగా పోయి మట్టిలో ఉమ్మి వచ్చింది.

"ఇది కాలవ గట్టున మొలిసేది. మేకలు గూడా కొరకవు. దీన్ని ఈ సీసాలో ఎవురు పెట్టినారు?"

తెలియదన్నాను.

"నువ్వు రోజూ ఈడనే ఉంటావు గదా."

ఉంటానన్నాను.

"సూడక రాసినావా, సూసి రాసినావా? అదొకటి సెప్పు. నేను పోతా."

నాగుపాము సీసాలో స్పిరిటు ఇంకా నింపలేదని ఆ క్షణంలో నాకు గుర్తుకొచ్చింది. దానివైపు చూశాను. నేను జవాబు చెప్పేలోపల ఆమె మెట్లు దిగింది.

చెప్పేలోపల అని రాశాను. చెప్పేవాణ్ణి కాదు.

మార్చి 23, బుధవారం

రొట్టె తినలేకపోయాను. నోట్లో పెట్టుకుంటే కాలువ బురద.

గుమస్తాల ఉమ్మి గురించి ఈ పుస్తకంలో ఎన్ని పేజీలు రాశానో తిరగేసి చూశాను. చెదల గురించి, బజ్జీల నూనె గురించి, పళ్ళ సందుల్లో బొరుగుల గురించి. 41 గురించి రాసినవి రెండు మూడు వాక్యాలు, అవి కూడా పొట్టివి. మేకపిల్ల సీసా మూత తీసినవాడికి వాంతి వచ్చింది. నేను నెలరోజులుగా మూత తీసి వాసన చూస్తూ, అన్నం తింటూ ఉన్నాను.

మద్రాసులో ఎవరో రక్తపోటుకని ఆ పొడి మింగుతూ ఉంటారు. పన్నెండు చీటీల మీదా నా సంతకమే.

మధ్యాహ్నం ఎండుమొక్కల బీరువా తెరిచాను. మూలికల సీసాలన్నిటికీ జోడీగా కాగితాలున్నాయి. 41వ కాగితం అడుగున దొరికింది. మొక్క రంగు పోయింది గాని ఆకు ఆకుగానే ఉంది. కింద మూలలో బొటనవేలంత వేరుముక్క దారంతో కట్టి ఉంది. లేబులు మీద: శ్రీశైలం పాత నడకదారి, వాగు ఒడ్డున నీడలో, 1933 డిసెంబరు. తవ్వినది: ఓబన్న. డాక్టరు గారు తవ్వినవాళ్ళ పేరు తప్పకుండా వేయించేవారు. కమిటీ వాళ్ళు అచ్చు వేయించిన జాబితాలో ఆ పేర్లు లేవు.

ఆ లేబులు నేను రాసిన మొదటి లేబులు. అక్షరాలు మోకాళ్ళ మీద పాకుతున్నట్టున్నాయి.

వేరును పట్టుకొని చూశాను. విరవలేదు. ఈ ఇంట్లో మిగిలిన నిజమైన సర్పగంధి అదొక్కటే. విరిస్తే అదీ ఉండదు.

బీరువా మూసేశాను.

మార్చి 31, గురువారం

చూడవచ్చినవాళ్ళు తొమ్మిది మంది. పురుగు రెండు కాగితాలకు.

లక్ష్మీనరసయ్య గారు వచ్చారు.

"నాలుగో తేదీ నిన్ను సాక్షికి పిలిచినారు. సీసా తీసుకోని రా, రిజిస్టరు తీసుకోని రా. అడిగిందానికి సరిపోయింది, సరిపోల్యా, అంతే. నీకు అలవాటే గదప్పా."

"ఎండుమొక్కల కాగితాలు తేవాలా?" అన్నాను. ఎందుకు అడిగానో నాకు తెలియదు. వద్దంటారని అడిగానేమో. వద్దంటే తేకుండా ఉండొచ్చని.

"ఆ గడ్డి ఎందుకప్పా? ఫారెస్టోళ్ళు ఏమన్నా ఆవుల్ని మేపుతాండారా?"

ఆయన వెంట వచ్చిన మనిషి నవ్వాడు. నేనూ నవ్వాను. నా నవ్వు నాకు వినపడింది.

ఏప్రిల్ 3, ఆదివారం

నాగుపాము సీసాలో స్పిరిటు నింపాను.

ఏప్రిల్ 4, సోమవారం

ఒక చేతిలో సీసా, చంకలో రిజిస్టరు, అట్టల మధ్య కట్టిన కాగితం. ఎండకు లక్క మెత్తబడి వేళ్ళకు అంటింది.

ఫారెస్టు ఆఫీసు వరండాలో ఓబన్న గొంతుకూర్చొని ఉన్నాడు. తలగుడ్డ లేదు. గిడ్డమ్మ పక్కనుంది. నన్ను చూసి ఇద్దరూ తల తిప్పుకోలేదు, అదే కష్టంగా ఉంది.

రేంజి ఆఫీసరు కొత్తాయన. మండీ తరఫున లక్ష్మీనరసయ్య గారు కుర్చీలో ఉన్నారు. ఓబన్న మూట విప్పి బల్ల మీద పెట్టారు. సీసా పెట్టాను. తర్వాత అట్టలు విప్పి కాగితం పెట్టాను.

"ఇదెందుకు? నిన్ను తెమ్మన్నది సీసా కదా" అన్నారు ఆఫీసరు.

"సీసాలోనిదానికంటే ఇది పాతదండీ."

"ఎండు గడ్డి సార్ అది" అన్నారు లక్ష్మీనరసయ్య గారు. "ఎండన పడి వచ్చినాడు, తల తిరిగినట్లుండాది."

లేబులు చదవమని ఆఫీసరు ముందుకు జరిపాను. ఆయన చదివారు. తవ్వినది ఓబన్న అన్నచోట ఆగి, వరండావైపు చూశారు.

దారం తెంపబోయాను. ఇరవై రెండేళ్ళ దారం, తెంపనక్కరలేకుండానే తెగింది. వేరును రెండు చేతులా పట్టుకొని విరిచాను. పుటుక్కుమంది. పిండి కాగితం మీద రాలింది. ఓబన్న మూటలోది విరిచాను. పుటుక్కుమంది. అదే పిండి. సీసాలోది విరిచాను. వేలాడింది. దాన్ని అట్లాగే పైకి పట్టుకున్నాను, చచ్చిన తొండను పట్టుకున్నట్టు.

ఆఫీసరు తానే ఇంకొకటి తీసి విరిచి చూశారు. వేలాడింది.

"సీసాలో ఇది ఎట్లా వచ్చింది?"

"మార్చారండీ."

"ఎవరు?"

"నేను చూడలేదు. నన్ను కడపకు పంపి తాళాలు తీసుకున్నది అధ్యక్షులు గారు. తిరిగి వచ్చేసరికి లక్క కొత్తగా ఉంది."

"అది నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఫిబ్రవరి పద్దెనిమిది."

"తేదీతో సహా ఎట్లా చెప్తున్నావు?"

"రోజూ రాస్తానండీ. పుస్తకం ఉంది."

"ఫిబ్రవరిలో తెలిస్తే, మార్చి పన్నెండున ఈ మనిషికి సరిపోలేదని ఎందుకు రాశావు?"

సీసా అట్లా చెప్పింది అనబోయాను. ముప్పై కళ్ళు నా మీద ఉన్నట్టనిపించింది, ఉన్నవి ఓబన్నవి రెండే.

"భయపడి రాశానండీ" అన్నాను.

ఓబన్నను వదిలేశారు. పాసు తిరిగి ఇస్తామన్నారు. మండీ మూటలకు సీలు వేయమన్నారు. పన్నెండు చీటీల సంగతి నా మీద వేరే విచారిస్తామన్నారు, రేపు పది గంటలకు ఆ పుస్తకం తెచ్చి ఇమ్మన్నారు.

బయటికి వచ్చాక లక్ష్మీనరసయ్య గారు చెయ్యి చాపారు. "తాళాలు." మొల నుంచి తీసి ఇచ్చాను. నా చెయ్యి ఆయన చేతికి తగిలింది. ఆయన చూసుకోలేదు. "రేపు సాయంత్రానికి నీ గుడ్డలు తీసుకోని పో" అన్నారు.

ఓబన్న తలగుడ్డ చుట్టుకుంటున్నాడు. అతని దగ్గరికి పోయాను. ఏం చెప్పాలో అనుకోలేదు.

"ఏసేపన్నా" అన్నాడు. "నన్ను ఇడిసిపెట్టినారని గూడా ఒగ చీటీ రాసీ. దావలో ఎవురన్నా అడుగుతారేమో."

జేబులో కాగితం తీసి, గోడకు ఆనించి రాశాను. మడవబోయాను.

"మడవొద్దు. ఈ తూరి సదివి ఇయ్యి."

చదివాను. గిడ్డమ్మ కూడా వింది. రెండోసారి చదవమంది. చదివాను. ఓబన్న అది తీసుకొని ఆమె చేతికిచ్చాడు. తలగుడ్డలో పెట్టుకోలేదు. ఇద్దరూ ఎండలోకి దిగి పోయారు.

ఇప్పుడు వెనక గదిలో ఉన్నాను. ముందు తలుపుకు ఆయన తాళం పడింది. విరిగిన వేరు, రాలిన పిండి చిన్న పొట్లం చేసి 41వ కాగితం మీద పెట్టాను. దారం కొత్తది కట్టాను.

ఈ పుస్తకం రేపు ఇచ్చేస్తాను. ఇంకొకరు చదువుతారని రాయలేదు. వెనక్కి తిప్పి ఫిబ్రవరి 18 దగ్గర ఆగాను. "నేనే వేసి ఉంటాను" అన్న చివరి మాట కొట్టెయ్యాలని కలం తీసింది నిజం. కొట్టెయ్యలేదు. దిద్దలేదు. పాతది పాతగానే ఉండాలి. పక్కన అంటించడానికి గంజి లేదు, వంటగది కూడా తాళం లోపలే ఉంది. అందుకని ఇక్కడే రాస్తున్నాను.

ఫిబ్రవరి 18 నాటి పేజీకి కొత్త లేబులు: ఆ లక్క నేను వేయలేదు. చూసిన క్షణమే తెలుసు.

ఏసేపు, 1955 ఏప్రిల్ 4.